పాత స్వెటరులోని ఉన్ని

ధవళేశ్వరమున నివసించువారికి ఉన్నిని గూర్చిన ప్రసంగమేల యని శ్రోతలలో కొందఱు నవ్వుకొనవచ్చును. ఇచ్చట మంచు కురియదు. పుష్యమాసమున తెల్లవాఱుజామున ఆనకట్టపై పొగమంచు క్రమ్మినప్పుడు మెడకొక తుండుగుడ్డ చుట్టుకొన్నచో మనలో పెక్కుమందికి చాలును. అయినను కార్తికమాసము వచ్చుసరికి రాజమహేంద్రవరమువంటి మన పట్టణముల కాలిబాటలపై స్వెటర్ల గుట్టలు వెలయుచున్నవి. వానిలో కొన్ని క్రొత్తవి. కొన్ని ఒకరు తొడిగి విడిచినవి. ఈ రెండవ తెగను గూర్చియే నేను చెప్పదలచితిని. వానిని తొడుగుకొనుటకు గాక, విప్పి, ఆ దారముతో మఱల అల్లుకొనుటకు కొనువారిలో నేనొకతెను.

మొదట మన ప్రాంతపు సంగతి యొకటి చెప్పవలెను. కోస్తాజిల్లాలలో విరివిగా పెంచు నెల్లూరుజాతి గొఱ్ఱెకు ఉన్ని యుండదు. మేకకువలె పొట్టి వెండ్రుకలే యుండును; ఎఱుగనివారు దూరమునుండి చూచి దానిని మేక యనియే యనుకొందురు. తెలంగాణమున దక్కనీజాతి గొఱ్ఱెల నల్లని ఉన్నితో గొంగళ్ళు నేయుదురు. ఆ ఉన్ని కాపరికి వానలోను చలిలోను ఇల్లువంటిదే కాని ముతకది. పసిబిడ్డ మెడకు గ్రుచ్చుకొనును. మన ఏలూరున ఉన్నితివాచీలు నేయువారు తరతరములుగా నున్నారు. వారి పూర్వులు పారసీకదేశమునుండి వచ్చిరని ప్రతీతి. కాని తివాచీకి పనికివచ్చు ఉన్ని వేఱు, ఒంటికి పనికివచ్చు మెత్తని ఉన్ని వేఱు. ఇక దుకాణములలో ఉన్నియని మనకిచ్చు రంగురంగుల ఉండలలో అనేకము ఉన్ని కానేకావు; అవి అక్రిలిక్ అను కృత్రిమపు దారములు. గోదావరితీరమున మెత్తని నిజమైన ఉన్నిదారము కావలయునన్నచో, దూరమునుండి తెప్పించుకొనుటకు డబ్బు లేనివారికి పాత స్వెటరు కంటె దగ్గఱిదారి నాకు కనబడలేదు.

ఈ పాత స్వెటర్లు ఎక్కడనుండి వచ్చును? శీతకాలమున మన పట్టణములకు వచ్చి స్వెటర్లమ్ము టిబెట్టువారిని మీరు చూచియే యుందురు. 1959 తరువాత ఈ దేశమునకు శరణార్థులై వచ్చిన జనులలో అనేకులు ఈ వ్యాపారముతో జీవించిరి. వారు తెచ్చునవి చాలవఱకు లుధియానా మొదలగు చోట్ల తయారైన క్రొత్త సరుకు. వానిని విప్పవలసిన పని లేదు. నేను వెదకునవి వేఱు. ఉత్తరదేశమున ఉద్యోగముచేసి వచ్చినవారి ఇండ్లనుండి, పెద్దవారు పోయిన ఇండ్లనుండి, పిల్లలు సీమలకు వెళ్ళివచ్చిన ఇండ్లనుండి వెలువడునవి. పాతబట్టలకు స్టీలు సామానులిచ్చు స్త్రీలు వీధి వీధి తిరిగి వీనిని ప్రోగుచేయుదురు. అవి చేతులు మాఱి, ఉతికి, మడతపెట్టబడి, సంతలకు చేరును. హైదరాబాదున ఎఱ్ఱగడ్డలో ఆదివారపు సంత యొకటి యిట్టి వస్తువులకు పేరుపడినది. మన ప్రాంతమున అంత పెద్ద సంత లేకున్నను, కాలిబాటపై పఱచిన దుప్పటి చాలును.

కొనువారు లేని ఉన్నిబట్టల గతి యేమగునో కూడ తెలిసికొనవలెను. హర్యానాలోని పానిపట్టునకు దేశవిదేశముల పాత ఉన్నిబట్టలు మూటలు మూటలుగా చేరును. మఱల తొడుగుటకు వీలులేకుండ కోసినవే అందు పెక్కు. అచ్చట వానిని రంగులవారిగా వేఱుచేసి, యంత్రములతో చీల్చి, పీచుచేసి, ఆ పీచును వడికి కంబళ్ళు నేయుదురు. ఈ పద్ధతికి మూలము ఇంగ్లండులోని యార్కుషైరు. 1813లో బాట్లీ అను ఊరి బెంజమిన్ లా అనునతడు పాత ఉన్నిగుడ్డలను చీల్చి మఱల వడుకు విధానము కనిపెట్టెనని చెప్పుదురు. అది గొప్ప పరిశ్రమయే, సందేహము లేదు. కాని యంత్రపు పండ్లు ఉన్నిపోగును లాగునపుడు తెగిన పీచు పొట్టిదగును, ఆ పీచుతో వడికిన దారము బలహీనమగును. చేతితో విప్పినచో పోగు తెగదు. మిల్లులో తొలుత ఎంత పొడవున వడికిరో అంత పొడవుననే అది మన చేతికి తిరిగి వచ్చును. ఈ భేదమునందే నేను చెప్పు పనికి విలువ యున్నది.

ఇది యెట్లు సాధ్యమని మగ్గము నెఱిగినవారు అడుగుదురు. మనకు పరిచితమైన చీరయో పంచెయో పడుగు పేకల కలయిక. దానిని విప్పినచో బట్ట యంతయు ఒక్క పోగుగా చేతికి రాదు. అల్లికబట్ట అట్టిది కాదు. అందు పడుగు లేదు, పేక లేదు. ఒకే దారము ఉచ్చులోనుండి ఉచ్చుగా పోయి, వరుస చివర తిరిగి, పై వరుస నల్లును. చివరి ముడి విప్పి లాగినచో ముక్క యంతయు ఒక్క దారమై పోవును. నరసాపురపు లేసు నల్లు మన స్త్రీలకు ఈ మర్మము వేఱుగ చెప్పనక్కఱలేదు. కొక్కెపు సూదితో చేసిన అల్లికలో తప్పుపోయినచో వారు లాగి విప్పి మఱల మొదలిడుట మనమెఱిగినదే.

అయితే స్వెటర్లన్నియు ఇట్లు విడిపోవు. కొనునపుడు చూడవలసినది రంగు కాదు, వెల కాదు, లోపలి కుట్టు. స్వెటర్లు తయారుచేయుటలో రెండు మార్గములున్నవి. ఒకదానిలో ముందుముక్క, వెనుకముక్క, చేతులు ఆయా ఆకారములకు తగినట్లు యంత్రము మీదనే కుట్లు తగ్గించుచు పెంచుచు అల్లి, తరువాత అంచు లంచులతో కలిపి కుట్టుదురు. రెండవదానిలో తానువలె వెడల్పుగా అల్లి, కత్తెరతో కోసి, కోసిన అంచు పీచులు రేగకుండ దారములు చుట్టి కుట్టుదురు. మొదటి తెగ విప్పుటకు తగినది. రెండవదానిని విప్పబోయినచో ప్రతివరుస కొసను తెగియే యుండును గనుక మూరెడు మూరెడు ముక్కలు చేతికి వచ్చును. దిండులో కూరుటకు తప్ప దేనికి నవి పనికిరావు. చవుకసరుకులో ఈ రెండవ తెగయే యెక్కువ.

ఎట్లు గుర్తింపవలెను? స్వెటరును లోపలివైపు బయటికి త్రిప్పుడు. ప్రక్కకుట్టును రెండు వ్రేళ్ళతో విడదీసి చూడుడు. రెండు అంచులు నున్నగా, జడవలె కుదురుగా నుండి, వాని నడుమ గొలుసువంటి కుట్టొకటి పోవుచున్నచో అది మంచిది. అంచుపై సన్నని దారములు దట్టముగా చుట్టియుండి, క్రింద తెగిన పీచు కొసలు కనబడినచో దానిని మడిచి పెట్టివేయుడు. మఱియొక గుర్తు చంకవద్ద కనబడును. కుట్లు తగ్గించి అల్లినచోట ఏటవాలుగా చిన్న చిన్న గుర్తులు వరుసదీరి యుండును. అవి యున్న స్వెటరు ప్రాయికముగా మొదటి తెగదియే.

నేను ఇట్లు స్వెటరు త్రిప్పి చూచుట మొదటిసారి కన్న ఒక వర్తకుడు, “లోపలేం చూత్తారండీ? తొడుక్కునేది బయటకి కదండీ!” అని యడిగెను. “ఇది ఉన్నేనా?” యని నేను. “ఆయ్, పూర్తి ఉన్నేనండి. ఢిల్లీ సరుకండి.” అతని మాట అబద్ధమని యనను, అతనికి తెలిసిన దంతే. మూడవ శీతకాలమునకు అతడే జడవంటి కుట్టున్నవానిని వేఱు గుట్టగా పెట్టి నాకు చూపసాగెను. వర్తకుల చూపునకు మించిన చూపు లేదు; చెప్పువారుండవలెను.

కుట్టు బాగుగ నున్నను విడిచిపెట్టవలసినవి కొన్ని గలవు. వేడినీట ఉతుకుటచే ముడుచుకొని కంబళివలె బిగిసినది విడిపోదు. ఉన్నిపోగును సూక్ష్మదర్శినితో చూచినచో దానిపై చేప పొలుసులవంటి పొలుసు లుండును. వేడియు రాపిడియు తగిలినపుడు ఈ పొలుసులు ఒకదానినొకటి పట్టుకొని వదలవు. కుట్టు కుట్టుగా కనబడనిది విప్పుటకు కూడదని తెలిసికొనుడు. అది కోసి వేడిగిన్నెల క్రింద వేసికొనుటకు బాగుండును. పొడవైన నూగు గలవి, బొమ్మలు పూవులు గలవి నేను తాకను. బొమ్మ యున్నచోట రంగు మాఱినప్పుడెల్ల దారము తెగును.

ఉన్నియా కాదా యనుటకు చీటీ యున్న సులభము. పాత స్వెటరుకు చీటీ యుండుట అరుదు. ప్రక్కకుట్టు లోపలినుండి అంగుళము పోగు తీసి, ఇంటివద్ద ఇత్తడిపళ్ళెముపై పట్టుకాఱుతో పట్టి వెలిగింపుడు. ఉన్ని యైనచో వెండ్రుక కాలిన వాసన వచ్చును. మంట తీసిన వెంటనే ఆఱును. మిగిలిన నల్లనిది వ్రేళ్ళతో నలిపిన పొడియగును. అక్రిలిక్ కరగి, చల్లాఱిన పిమ్మట గట్టి పూసయగును. నూలు కాగితమువలె మండి మెత్తని బూడిద మిగుల్చును. దుకాణమువద్ద ఈ పరీక్ష చేయరాదు. అచ్చట గుట్టలో చేయిపెట్టి చూచుటయే పరీక్ష. కొన్నాళ్ళకు చేతికే తెలియును.

ఇప్పుడు చాలమంది మనస్సులో నున్న మాటకు వత్తును. ఒకరు విడిచిన బట్ట ఇంటికి తెచ్చుటయా? ఎవరిదో, ఏ జబ్బువానిదో, చనిపోయినవారిదో! మా బంధువులలో నన్నీ మాట యడుగనివారు తక్కువ. నేను వారిని రెండు సంగతులు జ్ఞప్తికి తెచ్చుకొమ్మందును. పురిటింట శిశువునకు తొలుత చుట్టునది క్రొత్తబట్ట కాదు. పెద్దలు కట్టి కట్టి మెత్తపడిన పాతబట్ట. మన ఇండ్ల బొంతలన్నియు పాతచీరలే. ఇక ఉన్ని మాట యందురా, ఆచారము పాటించు ఇండ్లలో మడికి ధావళి కట్టు అలవాటు మీకు తెలిసినదే. ధావళి యనగా ఉన్నివస్త్రము. నూలుబట్టను ప్రతిదినము తడిపి ఆరవేసినగాని మడికి పనికిరాదనినవారే ఉన్నిని అట్లు తడుపకయే మడి యనిరి. (ధావళికిని ధవళేశ్వరమునకును నేను చుట్టఱికము కలుపుట లేదు, శబ్దము చెవికింపుగ నున్నదనుట వఱకే.) దినదినము ఉతుకని ఉన్ని శుద్ధమైనపుడు, పోగు పోగు విప్పి కుంకుడురసమున ఉతికి ఎండిన ఉన్ని శుద్ధము కాకపోవు టెట్లు? ఇంగ్లండులో యుద్ధకాలమున, 1941 జూన్ 1వ తేదీనుండి 1949 వఱకు, బట్టలు కూపనులకు మాత్రమే దొరకెను. 1943లో అచ్చటి ప్రభుత్వము పాతబట్టల వినియోగమును నేర్పుచు ‘మేక్ డూ అండ్ మెండ్’ అను చిన్నపుస్తకము నచ్చువేసెను. ఆ దినములలో కలవారు లేనివారు ననక పాత అల్లికలు విప్పి పిల్లలకు మఱల అల్లిరి. ఎవరి మర్యాదయు చెడలేదు.

జబ్బుల భయమునకు జవాబు వేఱు. దానిని నేను తేలిక చేయను. బజారునుండి తెచ్చిన స్వెటరును ఇంటి బట్టలపెట్టెలో ఒక్కపూటయు నుంచరాదు. దానిలో ఉన్నిపురుగు గ్రుడ్లుండవచ్చును. గోనెసంచిలోనో కాగితములోనో చుట్టి వేఱుగ నుంచి, మఱునాడే విప్పి ఉతుకవలెను. చేతులకు పడని పొడి యుండునని తోచిన, విప్పునపుడు ముక్కునకు గుడ్డ కట్టుకొనుడు.

మర్యాద మాట యటుండ, న్యాయపు మాట యొకటి యున్నది. అదియే నన్ను ఎక్కువ కలతపెట్టినది. కాలిబాటపై ఆ గుట్టనుండి స్వెటరు కొనువారెవరు? తెల్లవాఱకముందే గోదావరిలో పడవపై నిలిచి ఇసుక తీయు కూలీలు, రాత్రి కాపలావారు, తొలిజామున ఆటో తోలువారు, పాలు పోయువారు. విప్పుటకు అన్నిటికంటె తగినది పెద్ద మగవాని సాదా స్వెటరు. తొడుగుటకును అన్నిటికంటె తగినది అదియే. నేను పోటీకి దిగి నాలుగు రూపాయ లెక్కువ యిచ్చినచో అది నాకే వచ్చును. చలిలో వణకువాని ఒంటిమీది స్వెటరును ఉండచుట్టి బుట్టలో పెట్టుకొనుట పొదుపు కాదు. కావున నేను రెండు నియమములు పెట్టుకొంటిని. తొడుగుటకు వీలైనదానిని కొనను. మోచేయి చిరిగినది, జిప్పు పోయినది, ముంగాళ్ళవలె ముంజేతులు సాగినది, ఎదుట మఱక పడినది, పురుగు కొఱికి ఒకచోట కంత పడినది, ఇట్టివే నావి. మోచేయి చిరిగిన నష్టమొక చేతికే. వెనుకముక్క నిండుగ నిలిచియుండును. రెండవది, సంక్రాంతి దాటినగాని కొనను. అప్పటికి తొడుగువారు తొడుగుకొని యుందురు. వర్తకుడు మిగిలిన గుట్టను మూట కట్టు తొందరలో నుండును. ధర దిగుట నాకు లాభమే, దాచుటెందుకు?

విప్పు విధానమిది. మొదట గుండీలు, చీటీ, జిప్పు తీసివేయవలెను. గుండీలు దాచుకొనుడు. గొలుసుకుట్టు ఒక కొసనుండి మాత్రమే జారును. ఒకచోట చిన్న కత్తెరతో తెంచి లాగి చూచి, రానిచో రెండవకొసనుండి లాగవలెను. తొందరపడి అంచును కోసినచో పోగంతయు ముక్కలగును. మెడపట్టీ, భుజములు, చేతులు, ప్రక్కలు, ఈ వరుసన విడదీసినచో నాలుగు ముక్కలు మిగులును. యంత్రపు అల్లిక సాధారణముగా క్రిందినుండి పైకి సాగును గనుక పైకొసనుండి విప్పుట మొదలిడవలెను. క్రిందినుండి లాగువారు చిక్కులతో విసిగి మానివేయుదురు. పోగు జారుట మొదలైన పిమ్మట ఇక మాటలతో పని లేదు. చినుకుల చప్పుడువంటి చప్పుడు వినవచ్చును. మా మనుమరాలు ఈ పనికి పిలువకయే వచ్చును.

విప్పిన దారమును వెంటనే ఉండ చుట్టరాదు. అది పాతకుట్ల వంకరలతో నూడిల్సువలె నుండును. కుర్చీవీపునకు చుట్టి చిలపగా చేసి, నాలుగుచోట్ల నూలుదారముతో వదులుగా కట్టవలెను. ఆ చిలపను గోరువెచ్చని కుంకుడురసములో ముంచి అరగంట యుంచి, నలుపక, పిండక, అంతే వెచ్చదనముగల నీటిలో జాడింపవలెను. వేడినీటినుండి చన్నీటికి మార్చినచో ఇంతకు ముందు చెప్పిన పొలుసులు తమ పని చేయును. పిమ్మట తువాలులో చుట్టి అదిమి, నీడను దండెమునకు వ్రేలాడదీసి, క్రింద ఒక చిన్న గరిటె తగిలింపుడు. బరువెక్కువైనచో ఉన్ని సాగి తన గుణమును కోల్పోవును. ఆఱునప్పటికి వంకరలు పోయి దారము నిటారుగా నుండును. అక్రిలిక్ దారమునకు నీటివలన వంకరలు అంతగ పోవు. ఉన్నికే ఈ తిరిగి లేచు గుణము.

మిల్లు దారము తఱచుగా సన్నము. రెండు మూడు పోగులు కలిపి అల్లినచో సరిపోవును. తెగినచోట ముడివేయనక్కఱలేదు. రెండు కొసలను విడదీసి, ఒకదానిపై నొకటి పెట్టి, తడిచేసి అరచేతుల నడుమ రుద్దినచో ఒక్కటై అతుకుకొనును. నీటిలో మనలను భయపెట్టిన పొలుసులే ఇచ్చట ఉపకరించును. యంత్రమున ఉతుకుటకు తగినట్లు మందు పట్టించిన ఉన్నికి మాత్రమీ ఉపాయము పనిచేయదు.

ఇంత శ్రమయు దేనికి? నా త్రాసుపై పెద్దవారి స్వెటరు 300 మొదలు 500 గ్రాముల వఱకు తూగినది. చెడినభాగము పోగా సగము దక్కినను, శిశువుల టోపీలైదాఱు వచ్చును. అప్పుడే పుట్టిన బిడ్డకు శరీరపు వేడి తలనుండి ఎక్కువగ పోవును. నెలతక్కువ శిశువునకు టోపీ అలంకారము కాదు. ధవళేశ్వరమున అక్కఱ లేని ఉన్ని ఎగువకు పోయిన కొలది అక్కఱకు వచ్చును. రంపచోడవరము దాటి, 2022 వఱకు తూర్పుగోదావరి జిల్లాలోనే యుండిన మారేడుమిల్లి చేరినచో చలి వేఱు. చింతపల్లి, లంబసింగి ప్రాంతములందు శీతకాలపు రాత్రులలో ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు లోబడుట కలదు. ఆ కొండల పిల్లలకు మా ఇరుగుపొరుగు స్త్రీలు నలుగురైదుగురు కలసి టోపీలు, మేజోళ్ళు అల్లి పంపుచున్నారు. వారిలో ఇద్దఱు లేసుపని యెఱిగినవారు. సన్నని నూలుపై పనిచేసిన వారి చేతికి ఉన్ని మొదట మొద్దుగ తోచినది. లావు కొక్కెపు సూది పట్టిన వారమునకు నన్ను మించిరి. నరసాపురపు లేసునకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చినది గాని, ఆ చేతుల నేర్పు లేసుతోనే ఆగిపోవలెనని యెవరును శాసింపలేదు.

అల్లిక ఎండకాలమున సాగదు. చెమటచేతికి ఉన్ని అంటుకొనును. మాఘమున కొని, ఫాల్గునమున విప్పి ఉతికి, ఆశ్వయుజము వఱకు దాచవలసి యుండును. నడుమ వానకాలము వచ్చును. చెమ్మగిలిన ఉన్నికి పురుగు త్వరగ పట్టును. బాగుగ నెండిన చిలపలను, ఉండలుగా చుట్టకయే, ఎండిన వేపాకుతో గుడ్డసంచిలో నుంచి, మూతి బిగించి, నెలకొకసారి తీసి దులిపి ఎండ చూపవలెను. వేపాకు మాత్రమే చాలునని నమ్మరాదు. దులుపుటయు ఎండయు ముఖ్యము. సంచిపై ఏ స్వెటరునుండి వచ్చినదో, ఎన్ని గ్రాములో వ్రాసి కట్టినచో, ఆశ్వయుజమున ఏ రంగు ఎన్ని టోపీలకు వచ్చునో సంచి విప్పకయే తెలియును.